రెండో పేజీ లేని పెళ్లి

మా తమ్ముడు రాజ్ ప్రధానం, అదే నిశ్చితార్థం, ఫోటోల్లో నేను మొట్టమొదట చూసింది డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లోని మా తెలుగు చర్చి హాలు పైకప్పు. తెల్లటి పలకలు, మధ్యలో ఒక ఫ్యాను, ఆ ఫ్యాను చుట్టూ కట్టిన గులాబీ రంగు కాగితాల తోరణం. ఇప్పుడు కాగితం ఇస్తే కళ్లు మూసుకుని గీసేస్తాను, అంతసేపు చూశాను దాన్ని. ఫోటో పైనుంచి కిందికి ఒక్కో పట్టీ చొప్పున దిగుతోంది. దిగి దిగి పెళ్లికొడుకు నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది. మావాడి నుదురే కదా అని దానికే ముద్దు పెట్టుకుని, ల్యాప్‌టాప్ మూసేసి వెక్కి వెక్కి ఏడ్చాను.

అది 2009 అక్టోబరు. నాకు ఏడో నెల. మాయ కిందికి ఉందన్నారు, ఒకసారి రక్తం కూడా పోయింది. ఇక కాన్పయ్యేదాకా హాస్పిటల్లోనే, మంచం మీదే, అదీ ఎడమవైపుకి తిరిగి పడుకునే ఉండాలన్నారు డాక్టర్లు. గోరుచుట్టు మీద రోకటి పోటులా ఆ ఏడాదే స్వైన్ ఫ్లూ వచ్చిపడింది. కాన్పుల వార్డులోకి మొగుణ్ణి తప్ప పురుగును కూడా రానివ్వడం లేదు. మా ఆయన వినయ్ కుమార్ ఒక్కడే వస్తాడు, మాస్కు కట్టుకుని కూర్చుంటాడు, చారు తెచ్చి పెడతాడు, వెళ్తాడు. తమ్ముడి ముఖం చూసి అప్పటికే చాలా రోజులైంది.

రాజ్ గురించి చెప్పాలి. అమ్మ పోయేనాటికి వాడు చిన్నపిల్లాడు, నేను హైస్కూల్లో ఉన్నాను. వాణ్ణి కన్నదాన్ని కాదుగానీ, మిగతావన్నీ నేనే. పలక కొనడం, పేలు తీయడం, వీపు పగలగొట్టడం, తర్వాత నేనే ఏడవడం. నాన్న పోయాక ఆ కాస్త వెనకాముందూ కూడా లేకుండా పోయింది. వాడు ఎం.ఎస్‌. చదవడానికి డాలస్ వచ్చి మా అపార్ట్‌మెంట్ హాల్లోనే సోఫా మీద రెండేళ్లు పడుకున్నాడు. ఉద్యోగం వచ్చింది. కాపెల్‌లో ఉండే రేష్మ నచ్చింది. ఆ పిల్ల ఎనిమిదేళ్లప్పుడు ఈ దేశం వచ్చింది, తెలుగు కాస్త ముక్కలు ముక్కలుగా వస్తుంది, మనసు మాత్రం బంగారం. పెళ్లి నవంబరు మొదటి శనివారం అనుకున్నాం.

నేను మంచాన పడగానే రాజ్ ఫోన్ చేసి, "అక్కా, పోస్ట్‌పోన్ చేసేద్దాం, నువ్వు లేకుండా నేను చేసుకోను" అన్నాడు. నేను ఊరుకుంటానా, ఉతికి ఆరేశాను. రేష్మ వాళ్ల అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉంది, ఆవిడ వెళ్లిపోవాలి. హాలు బుక్ అయింది. నా కడుపులో బిడ్డ కోసం వాళ్ల కడుపు కొట్టడమేంటి? "నోర్మూసుకుని తాళి కట్టు" అన్నాను. అనడం అయితే అనేశాను. ఫోన్ పెట్టాక గుండె కలుక్కుమంది.

ఎందుకంటే మా పాలకొల్లు వైపు క్రైస్తవుల పెళ్లిళ్లలో కూడా తాళికి మొదటి ముడే పెళ్లికొడుకు వేస్తాడు. మిగతా రెండూ ఆడపడుచు వేస్తుంది. ఆ రెండు ముళ్లూ నావి. వాటిని నా బదులు వెయ్యమని మా చర్చిలో పెద్ద దిక్కయిన జ్ఞానమ్మ ఆంటీకి అప్పజెప్పాను. ఇక నాకు మిగిలిన కోరిక ఒక్కటే. మావాడి పెళ్లి జరుగుతుండగా చూడాలి. అంతా అయిపోయాక ఆల్బమ్ తిరగెయ్యడం కాదు, అక్కడ వాడు తలెత్తితే ఇక్కడ నాకు కనపడాలి.

వీడియో కాల్ పెడదామని మా ఆయన ఎన్ని తంటాలు పడ్డా హాస్పిటల్ వాళ్లు పేషెంట్లకు ఇచ్చే నెట్‌లో అది నడవలేదు. ఫోటోలే గతి. మా చర్చిలో పెళ్లి ఫోటోలంటే దేవకుమార్ అంకులే. జ్ఞానమ్మ ఆంటీ భర్త. వారమంతా ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం, శనివారం వస్తే మెడలో కెమెరా. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల బాప్తిస్మాలు, ఓణీల ఫంక్షన్లు, పెళ్లిళ్లు అన్నీ ఆయన సొంత వెబ్‌సైట్లో ఉంటాయి. ఫోటోలు ప్రాణం పెట్టి తీస్తాడు. సైట్ మాత్రం నా ప్రాణం తీసింది.

ఇక్కడో తమాషా ఉంది. పేజీలు ఎందుకు ఆలస్యంగా వస్తున్నాయో కనిపెట్టి తొందరగా వచ్చేలా చేయడమే నా ఉద్యోగం. లాస్ కొలినాస్‌లో విమానం టిక్కెట్లు అమ్మే ఒక కంపెనీలో పొద్దస్తమానం నేను చేసేది అదే. ఊరంతటికీ వైద్యం చేస్తూ, నా తమ్ముడి ముఖం కోసం పైకప్పు చూస్తూ ఏడవడమా? మర్నాడు పొద్దున్నే ముఖం కడుక్కుని, ఎడమవైపు తిరిగి, ల్యాప్‌టాప్‌ని దిండుకు ఆనించి పక్కకు పడుకోబెట్టి ఆ సైట్ కడుపులో ఏముందో చూశాను.

ఏముందా? తెరవగానే ఎర్ర తెర ఒకటి నాటకంలోలా రెండువైపులకీ జరుగుతుంది. అది జరిగేలోపు జ్ఞానమ్మ ఆంటీ పాడిన కీర్తన మొదలవుతుంది. పాట పూర్తిగా దిగితేగాని ఫోటోలు కదలవు. ఆ తర్వాత ఫోటోలు, నాలుగు వందల చిల్లర, అన్నీ ఒకే పేజీలో, అన్నీ ఒకేసారి తోసుకుంటూ వస్తాయి. చూడ్డానికి ఒక్కొక్కటీ అగ్గిపెట్టంత. మోయడానికి రుబ్బురోలంత. కెమెరాలోంచి దిగిన ఫోటోని అలాగే ఎక్కించేసి, పైకి మాత్రం చిన్నగా కనపడమని చెప్పాడన్నమాట పెద్దమనిషి. అన్నిటికన్నా ముందు వరసలో ఎవరున్నారు? పాస్టర్ గారు, సంఘ పెద్దలు, పాస్టర్ గారితో సంఘ పెద్దలు, సంఘ పెద్దలతో పాస్టర్ గారు. మావాడు ఆరో వరసలో ఉన్నాడు.

వెంటనే ఫోన్ చేశాను.

"వందనాలు అంకుల్."

"వందనాలమ్మా ఫెబీ! ఒంట్లో ఎలా ఉంది? ప్రేయర్‌లో రోజూ నీ పేరు ఎత్తుతున్నాం."

"నాకు బాగానే ఉంది అంకుల్. మీ సైట్‌కే బాగాలేదు."

"నా సైట్‌కేంటమ్మా? రాత్రి కూడా చూశాను, టకటకా వచ్చేశాయి."

"మీ ఇంట్లో కంప్యూటర్లోకి అవన్నీ ఇంతకుముందే దిగి కూర్చున్నాయి అంకుల్. మళ్లీ అడిగితే ఇంట్లోంచే తీసి చూపిస్తుంది. నా దగ్గరికి కొత్తగా రావాలి కదా. ఫోటోలు చిన్నవి చేసి పెట్టండి, ప్లీజ్."

"చిన్నవా?" ఆయన గొంతు మారింది. "ఫెబీ, నేను తీసిన ఫోటోలో పాస్టర్ గారి మీసం వెంట్రుక వెంట్రుకా కనపడద్ది. అది చిన్నది చేస్తే ఇంకేం మిగులుద్ది? నన్ను నమ్మి నిలబడినోళ్లకి తగ్గించి ఇమ్మంటావా? పాలల్లో నీళ్లు కలిపినట్టు కాదూ?"

"పోనీ పేజీలు చెయ్యండి. ముప్పై ఫోటోలకొక పేజీ."

"పేజీల మాట ఎత్తకమ్మా! నీకు దణ్ణం పెడతాను!"

ఆ కథ నాకూ తెలుసు. రెండేళ్ల కిందట చర్చి వార్షికోత్సవం ఫోటోలని ఆయన బుద్ధిగా రెండు పేజీలు చేశాడు. అంజయ్య గారి కుటుంబం రెండో పేజీలో పడింది. అంతే. "మేమంటే అంత అలుసైపోయామా, వెనక పేజీలో పడేశాడు" అని అంజయ్య గారు ఆయనతో మాట్లాడటం మానేశారు. వాళ్లావిడ చర్చిలో అందరూ తలో వంట తెచ్చే పాట్‌లక్‌లో జ్ఞానమ్మ ఆంటీ పులిహోర ముట్టుకోలేదు. అంజయ్య గారి ఇంటికి వెళ్లి ప్రార్థన పెట్టించి, అందర్నీ మొదటి పేజీకి తెచ్చాకే సంధి కుదిరింది. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, బంతి భోజనాల్లో రెండో బంతికి కూర్చోబెట్టినా కోపమే, వెబ్‌సైట్లో రెండో పేజీలో పెట్టినా కోపమే. అందుకే ఆనాటి నుంచి ఎన్ని వందల ఫోటోలైనా అంకుల్‌కి పేజీ ఒక్కటే.

ఇక వాదించి లాభం లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన. నేనూ అదే రకం గానీ, మంచం మీద ఉన్నాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నారు కాబట్టి కాళ్లే పట్టుకున్నాను. "అంకుల్, నా తమ్ముడి పెళ్లి. ప్రధానంలో నాకు పైకప్పే కనపడింది. పెళ్లిలో కూడా పైకప్పే చూడమంటారా?" అన్నాను.

ఆయన సైట్ పాస్‌వర్డ్ చెప్పాడు. "నీ ఇష్టం వచ్చినట్టు చేసి చూపించమ్మా. నచ్చితే ఉంచుతాను, లేకపోతే తీసేస్తాను" అన్నాడు. ఆ మాత్రం చాలు నాకు.

ఆ పాస్టర్ గారి మీసం ఫోటోనే తీసుకున్నాను. తెర మీద ఎంత కనపడాలో అంతకే కుదించి, కుదించినప్పుడు పోయే పదును కాస్త తిరిగి పెట్టి, పక్కపక్కన రెండు ఫోటోలు పెట్టాను. ఒకటి ఆయన ఎక్కించింది, ఒకటి నేను కుదించింది. రెండూ ఒకే కొలతలో కనపడతాయి. సాయంత్రం ఫోన్ చేసి, "ఏది మీదో చెప్పండి అంకుల్" అన్నాను. స్పీకర్ పెట్టారు, పక్కన జ్ఞానమ్మ ఆంటీ ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఇందులో చెప్పేదేముందమ్మా! కుడివైపుది. ఆ పదును చూడు! ఎడమవైపుది కాస్త మెత్తబడింది, అది నువ్వు పాడుచేసింది."

నేను నోరు మూసుకున్నాను. ఇది నాకు అలవాటు లేని పని, మా ఆయన్ని అడగండి.

ఉల్లిపాయల చప్పుడు ఆగింది. "ఏవయ్యా, ఫెబీ మాట్లాడకుండా ఉందంటే ఏంటో నీకు అర్థం కావట్లేదా?" అంది ఆంటీ. "నువ్వు పట్టుకుంది ఆ పిల్ల చేసిన చిన్నదాన్నే!" ఇక ఆవిడ నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం, "మరి నా పెద్దది ఏమవుద్ది?" అని మెల్లగా అడిగాడు.

"ఎక్కడికీ పోదు అంకుల్. మీ ఒరిజినల్స్ జోలికి నేను పోను. పేజీలో చిన్నది కనపడుతుంది. ఎవరికైనా మీసం లెక్కపెట్టాలనిపిస్తే దాని మీద నొక్కుతారు, పెద్దది వస్తుంది."

"పేజీ?"

"పేజీ ఒక్కటే. రెండో పేజీ ఉండదు. చూసేవాళ్లు కిందికి వెళ్లేకొద్దీ అక్కడి ఫోటోలు దిగుతాయి. పంక్తిలో కూర్చున్నవాళ్లకి కూర ఎప్పుడు వేస్తాం? విస్తరి ముందుకు వచ్చినప్పుడే కదా. అందరి కూరా తెచ్చి మొదటి విస్తట్లో కుమ్మరించం కదా."

"అంటే అందరూ ఒకే బంతి!" అన్నాడాయన. ఆ గొంతులో సంతోషం విని నాకూ నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన భయమంతా ఎవరి మనసూ నొచ్చుకోకూడదనే కదా, పాపం.

ఇక మిగిలింది పాట. అది తీసెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. జ్ఞానమ్మ ఆంటీ ఆ కీర్తన పాడితే మా చర్చిలో చంటిపిల్లలు కూడా ఊరుకుంటారు. నేను నసుగుతుంటే ఆవిడే అందుకుంది. "నా పాట అడ్డమా? తీసి అవతల పడెయ్యి. నా గొంతు ఆదివారం ఆదివారం వింటూనే ఉన్నారు జనం. ముందు నువ్వు తమ్ముణ్ణి చూసుకో." ఆ పాటని ఆవిడ ఎంత ముచ్చటపడి రికార్డ్ చేయించుకుందో నాకు తెలుసు. ఆ మాట విన్నప్పుడు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరు చేస్తారండీ అంత, సొంత అత్త కూడా చెయ్యదు.

తర్వాతి రోజుల్లో కొంచెం కొంచెంగా పని చేశాను. నర్సు వచ్చినప్పుడల్లా "నో వర్కింగ్, హనీ" అని ల్యాప్‌టాప్ మూసేది. "ఇట్స్ నాట్ వర్క్, ఇట్స్ మై బ్రదర్" అని మళ్లీ తెరిచేదాన్ని. తెర తీసేశాను. పాటని మీట నొక్కితేనే వినపడేలా ఒక పక్కన పెట్టాను. ఫోటోలన్నీ ఒకేసారి చిన్నవి చేసే ప్రోగ్రామ్ ఒకటి ఆంటీ ల్యాప్‌టాప్‌లో ఎలా నడపాలో ఫోన్‌లోనే నేర్పించాను. ఆవిడ రెండోసారికే పట్టేసింది. పాస్టర్ గారిని మాత్రం మొదటి వరసలోంచి కదపడానికి అంకుల్ ఒప్పుకోలేదు. సరే, పెళ్లి రోజు ఒక్కరోజు మాత్రం కొత్తగా వచ్చిన ఫోటో పైన ఉండాలని ఒప్పించాను.

అన్నీ అయ్యాక ప్రధానం పేజీని మళ్లీ తెరిచాను. వేలు తీసేలోపు వచ్చేశాడు మావాడు! నుదురు, కళ్లు, అమ్మ పోలిక ముక్కు, నోరంతా తెరిచిన నవ్వు. పక్కన రేష్మ. వెనకాల నాలుగు వందల ఫోటోల్లో అందరూ ఎవరి వంతు వాళ్లు వచ్చి నిలబడుతున్నారు. "దేవా, నీకు స్తోత్రం" అని పైకే అన్నాను. దేవుడి తర్వాత దేవకుమార్ అంకుల్‌కీ ఆంటీకీ కూడా చెప్పాను.

పెళ్లిరోజు పొద్దున వినయ్ నా మంచం పక్కనే నిలబడి నసుగుతున్నాడు. "నిన్ను ఒక్కదాన్నీ వదిలి ఎలా వెళ్లను?"

"బావ లేకుండా పెళ్లేంటి? వాడికి నిలబడ్డానికి ఎవరున్నారు? పో!" అని తరిమాను. వెళ్లేముందు నా నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మంచివాడు మా ఆయన, మొహం మీద చెబితే నెత్తికెక్కుతాడని చెప్పను.

పదింటికి మొదలయ్యాయి. చర్చి ఆఫీసు గదిలో ఆంటీ ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టుందని అందరూ ఆటపట్టించారట. అంకుల్ కెమెరాలోంచి కార్డు తీసి పంపుతాడు, ఆవిడ దించి, కుదించి, ఎక్కిస్తుంది. నేను ఇక్కడ పేజీ మళ్లీ మళ్లీ తెరుస్తాను. పూలు కట్టిన బెంచీలు. పట్టుచీరల్లో మా సంఘం ఆడవాళ్లు. అంజయ్య గారు కొత్త కోటులో. తర్వాత మా రాజ్! నల్ల సూటు, ఎర్ర టై. ఆ టై చూడగానే నాకు ఒళ్లు మండింది, ముడి చెవి కిందికి పోయింది.

వినయ్‌కి ఫోన్ చేశాను. "వాడి టై సరిచెయ్యి."

"నీకెలా తెలుసే?" అన్నాడు గుసగుసగా.

"కనపడుతోంది కాబట్టి! ముందు సరిచెయ్యి."

తర్వాత వచ్చిన ఫోటోలో వినయ్ చేతులు వాడి మెడ దగ్గరున్నాయి. రాజ్ మాత్రం కెమెరాలోకి, అంటే సూటిగా నా కళ్లలోకి చూస్తూ పగలబడి నవ్వుతున్నాడు. అక్క తిట్టిందని చెప్పేసి ఉంటాడు మా ఆయన. నేనూ నవ్వాను, పొట్ట పట్టుకుని నవ్వాను. పొట్టలోది కూడా ఒక తన్ను తన్నింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నేను అక్కడే ఉన్నాను, ఆ గుంపులో, చీర కుచ్చిళ్లు తొక్కుకుంటూ తిరుగుతున్నాను.

రేష్మ నడిచి వచ్చింది. వాక్యం చదివారు. ప్రమాణాలు. ఉంగరాలు. పాస్టర్ గారు మంగళసూత్రం చేతిలోకి తీసుకుని ప్రార్థన చేస్తున్న ఫోటో వచ్చింది. ఆ తర్వాత ఫోటోలు ఆగిపోయాయి.

నాకు కారణం తెలుసు. ముళ్లు వెయ్యడానికి ఆంటీ స్టేజీ మీదికి వెళ్లి ఉంటుంది. నేనే కదా అప్పజెప్పింది. అయినా నా చేతుల వంక చూసుకున్నాను. ఒక చేతికి సెలైన్ గొట్టం, ఒక చేతికి పేరు రాసిన పట్టీ. నర్సు వచ్చి బీపీ చూసి పెదవి విరిచింది. "యు ఓకే, హనీ?" అంది. తల ఊపాను. పేజీ మళ్లీ తెరిచాను, ఏమీ లేదు. ఇంకోసారి తెరిచాను.

అప్పుడొచ్చింది ఒకటి. రావడం కాదు, పాకడం. పైనుంచి ఒక సన్నటి పట్టీ, కాసేపు ఆగి ఇంకో పట్టీ. నాకు అర్థమైపోయింది. కుదించకుండా కెమెరాలోంచి తీసింది తీసినట్టే ఎక్కించేశారు! ఇన్ని రోజుల కష్టం, ఇన్ని బతిమాలుకోవడాలు, సరిగ్గా తాళి దగ్గరికొచ్చేసరికి ఆ ముసలాయన మొండితనం మళ్లీ బయటపడిందా? ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో రెండు తిట్లు తిట్టాను. ప్రభువు క్షమించాలి.

పట్టీ పట్టీగా దిగుతోంది. మల్లెపూలు. జడ మొదలు. రేష్మ మెడ వెనక భాగం. వంచిన మెడ మీద పచ్చటి పసుపు తాడు. ఒక ముడి. దాని కింద ఏదో మెరుస్తోంది. ఏంటో తెలియలేదు. ఫోటో పూర్తిగా దిగాక పెద్దది చేసి చూశాను, ఇంకా పెద్దది చేశాను. అంత పెద్దది చేసినా చెదరలేదు, నూలు పోగులతో సహా కనపడుతోంది.

ముడి ఒక్కటే ఉంది. రెండో ముడి ఉండాల్సిన చోట తాడు రెండు కొసలనీ కలిపి పిన్నీసు పెట్టారు.

అప్పటికప్పుడు ఆంటీకి ఫోన్ చేశాను. "ఆంటీ, మీరు ముళ్లు వెయ్యలేదేంటి?"

"నేనెందుకేస్తానే?" అంది ఆవిడ. "నువ్వు చెప్తే తల ఊపాను గానీ, నీ ముళ్లు నేనెలా వేస్తాను? రిహార్సల్ రోజే రేష్మ నా దగ్గరికొచ్చి చెప్పేసింది. ఉండు, పిల్లకిస్తాను."

ఫోన్ చేతులు మారింది. గాజుల చప్పుడు. "వదినా?" అంది రేష్మ, ఆ అమెరికా యాసలో. "రాజ్ ఒక్క ముడి వేశాడు. రెండు మీది కదా. మీరు ఇంటికి వస్తారు, అప్పుడు వేస్తారు. అప్పటిదాకా పిన్ ఉంటది. ఇట్స్ ఎ వెరీ స్ట్రాంగ్ పిన్. ఐ టెస్టెడ్ ఇట్."

"పిచ్చిదానా, మీ అమ్మమ్మ ఏమనలేదా?"

"అమ్మమ్మ చాలా అన్నది," అంది రేష్మ నవ్వుతూ. "పాస్టర్ గారు చెప్పారు, ప్రమాణాలు అయినాయి, పెళ్లి అయింది, ముడి వెయిట్ చేయొచ్చు అని. అప్పుడు అమ్మమ్మే పిన్ ఇచ్చింది."

వెనకనుంచి దేవకుమార్ అంకుల్ గొంతు వినపడింది. "ఫెబీ, ఈ ఒక్కదాన్ని చిన్నది చెయ్యనివ్వలేదమ్మా, కోప్పడకు. చిన్నదాంట్లో పిన్నీసు కనపడదు. నీకు కనపడాలి కదా."

ఇందాక తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. ఆయన మొండితనానికి కూడా చేతులెత్తి దణ్ణం పెట్టాను, సెలైన్ గొట్టంతో సహా. నర్సుని పిలిచి ఆ ఫోటో చూపించి, ముడి ఏదో, పిన్నీసు ఏదో, నేను ఎవరో ఏడుస్తూ చెప్పాను. ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు, నాతోపాటు ఆవిడా కళ్లు తుడుచుకుంది.

డిసెంబరులో ఆపరేషన్ చేసి పాపను తీశారు. చిన్నదే గానీ గట్టి పిండం, పుడుతూనే గది దద్దరిల్లేలా ఏడ్చింది. నా పోలికే అన్నాడు మా ఆయన. మమ్మల్నిద్దర్నీ ఒకేసారి ఇంటికి పంపిన రోజు చలి కోసేస్తోంది. నన్ను వీల్‌ఛైర్లో హాస్పిటల్ గుమ్మం దాకా తెచ్చారు. రాజ్ కారు తెచ్చి వాకిట్లోనే ఆపాడు. వాడు దిగి పాపను అందుకున్నాడు, పొత్తిళ్లలో ముఖం చూసి ఏడుపు మొదలుపెట్టాడు. రేష్మ మాత్రం నా దగ్గరికొచ్చి, స్వెట్టర్ మెడ కిందికి లాక్కుని, జుట్టు ముందుకు వేసుకుని, నా మోకాళ్ల ముందు సిమెంటు నేల మీద వీపు తిప్పి కూర్చుంది.

"ఇక్కడా? ఇంటికి వెళ్లాక వేస్తాలేమ్మా, చలిలో ఎందుకు" అన్నాను.

"నో, వదినా. ఇప్పుడే."

పిన్నీసు తీసి వినయ్ చేతిలో పెట్టాను. పసుపు తాడు రంగు కాస్త తగ్గింది, నీళ్లు తగిలి తగిలి బిరుసెక్కింది. వేళ్లు మొద్దుబారి కొసలు జారిపోతుంటే ఊపిరి బిగబట్టి రెండో ముడి వేశాను. మా వెనక ఎవరో కారాయన తోవకడ్డం తియ్యమని హారన్ కొట్టాడు. రాజ్ కంగారుపడి, "అక్కా, కారు తీయాలి" అన్నాడు. హారన్ మళ్లీ మోగింది.

"కొట్టుకోనీరా" అన్నాను మూడో ముడి బిగిస్తూ, అందరికీ వినపడేలా, తెలుగులోనే. "ఇక్కడ మా తమ్ముడి పెళ్లి జరుగుతోంది."